పగులు దాచినవాడే పెద్దమనిషి

విమానంలో పగులు కనబడితే పక్కవాడికి చెప్పకపోవడమే అసలైన మర్యాద! నవ్వకండి. మా నెబ్రాస్కా పాత విమానాల ఓనర్ల క్లబ్ ఈ మర్యాద మీదే నడుస్తోంది.

మా ఎనిమిదిమందివీ ఒకే మోడల్, అరవై ఏళ్ళు దాటినవి. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. అందుకే ఒకరి అనుభవం ఒకరం పంచుకుందామని క్లబ్ పెట్టుకున్నాం. పంచుకుంటున్నాం కూడా! నేను సంపాదకుడిగా ఉన్న మా నెలవారీ పత్రికలో రెక్కలకి మైనం పట్టించడం గురించి నాలుగు పేజీలు, మా డెల్బర్ట్ భార్య ఆర్లీన్ చేసే బీన్స్ కూర గురించి ఒక పేజీ. "లోపాలు" అనే శీర్షిక కింద మాత్రం పదకొండేళ్ళుగా "ఏమీ లేవు" అనే ఉంటుంది. ఇంత ఆరోగ్యమైన ముసలి విమానాలు ఇంకెక్కడైనా ఉన్నాయా?

చెబితే ఏమవుతుంది? వీడికి మెయింటెనెన్స్ చేతకాదంటారు. రేపు అమ్మబోతే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. పరువు ముఖ్యమా, తోక ముఖ్యమా?

అందుకే పోయిన నెల నా విమానం తోకని పట్టి ఉంచే బ్రాకెట్‌లో వెంట్రుకంత పగులు కనబడితే, గుట్టుగా మార్పించి నోరు మూసుకున్నాను.

మొన్న శనివారం విమానాలు నిలిపే హ్యాంగర్‌లో అందరం పాన్‌కేకులు తింటుంటే డెల్బర్ట్ లేచాడు. నాకు నలభై ఏళ్ళుగా స్నేహితుడు. "ఇవాళ్టికి మా పెళ్ళై యాభై ఏళ్ళు. ఆర్లీన్‌ని ఎక్కించుకుని నది దాకా వెళ్ళొస్తా!"

అందరూ చప్పట్లు కొట్టారు. వాడిదీ నా మోడలే కదా, అదే బ్రాకెట్! ఆర్లీన్ అప్పుడే విమానం సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటోంది. భయమేసింది. పరువు ప్లేటులోనే వదిలేసి పరిగెత్తాను.

"ఒరేయ్ డెల్బర్ట్, ఆగరా! తోక బ్రాకెట్ చూసుకున్నావా? నాది పగిలింది!"

వాడు జాలిగా నా భుజం తట్టాడు. "ఓస్, అదా! నాది మూడేళ్ళ కిందటే మార్పించాగా. నీకిప్పుడు తెలిసిందా?"

"నాది నాలుగేళ్ళయింది," అన్నాడు వెనకనుంచి ఇంకో సభ్యుడు లయల్, పాన్‌కేక్ నములుతూ.

నాలుగేళ్ళు! ఆ నాలుగేళ్ళూ ప్రతి ఆదివారం మా ఆవిడ వెల్మాని ఆ పగులు మీదే ఊరేగించాను. "సిగ్గులేదట్రా? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?" అని డెల్బర్ట్ మీద అరిచాను.

ఆర్లీన్ బెల్టు విప్పి కిందికి వంగింది. "మరి మొన్నటి పత్రికలో 'ఏమీ లేవు' అని అచ్చేసింది ఎవరు నాయనా?"

కాబట్టి పాఠకులారా, ఈ సంచికలో బీన్స్ కూరకి చోటు లేదు. లోపాలకే ఆరు పేజీలు పట్టాయి. మొదటిది సంపాదకుడిది.