ప్రథమ పాదరక్ష

కొవ్వూరుకు కూతవేటు దూరంలో, గోదావరి గట్టున ఉన్న మా పట్టణంలో 'గజ్జెల రేవు' చిత్ర వార్షికోత్సవం ఈ ఏడు కూడా అత్యంత వైభవంగా జరిగిందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. గాయపడినవారు ఒక్కరే.

ఆ సినిమా ఏంటని అడిగేవారు మా ఊళ్లో లేరు. పొరుగూళ్ల నుంచి కొత్తగా వచ్చిన కోడళ్ల కోసం చెబుతున్నాను. అది మా నాన్నల కాలంలో మా రేవులోనే తీసిన సినిమా. షావుకారు కూతురు నాట్యం నేర్చుకుంటుంది. చేపల పడవవాడి కొడుకు మృదంగం వాయిస్తాడు. ఇద్దరూ ప్రేమించుకుంటారు. షావుకారు గజ్జెలు గోదాట్లో పారేసి, "ఈ గడప దాటావో, నాకు కూతురు లేదు!" అంటాడు. ఆమె దాటుతుంది. ఉత్త కాళ్లతో ఇసుక తిన్నె మీద నాట్యం చేస్తుంది. కుర్రాడు పడవలో వచ్చి, ఆమెతో కలిసి ఆడి, తీసుకుపోతాడు. అంతే కథ. దానికి మా ఊరు ఇప్పటికీ ఏడుస్తోంది. తూకం దగ్గర గింజ వదలని వర్తకులు కూడా ఆ నాట్యం దగ్గర కడవల కొద్దీ కన్నీళ్లు వదిలేస్తారు.

ఏడుపుతో సరిపెట్టుకుంటే అది మా ఊరు ఎందుకవుతుంది? తెర మీద షావుకారు ఆ గడప మాట అనగానే జనం ఒక కాలి చెప్పు తీసి అతని మొహాన కొట్టడం ఆచారం. సినిమా విడుదలైన రోజున ఎవరో ఒళ్లు తెలియని కోపంలో విసిరారు. ఇప్పుడది సంప్రదాయమై కూర్చుంది. అందరికంటే ముందు విసిరే చెప్పుకు 'ప్రథమ పాదరక్ష' అని పేరు. ఆ గౌరవం వర్తక సంఘం అధ్యక్షులవారిది. ప్రస్తుత అధ్యక్షులు నాగేశ్వరప్రసాద్ గారు. వారిది చెప్పుల షాపు కావడం కేవలం దైవనిర్ణయం. ఉత్సవం మర్నాడు ఊరంతా కొత్త జత కోసం వారి గుమ్మం ముందే నిలబడుతుంది.

చెప్పు విసిరే ముందు వారు ఏటా ప్రసంగిస్తారు.

"కులం ఏంటండీ కులం! దాహమేసి గోదారి నీళ్లు తాగేటప్పుడు ఇవి ఎవరి రేవు నీళ్లని అడుగుతున్నామా అండి? పడవవాడి కొడుకైతే ఏం తక్కువండీ? ఆ తండ్రి స్థానంలో నేనుంటే ఆ కుర్రాడి కాళ్లు కడిగి కన్యాదానం చేసేవాణ్ణండి!"

చప్పట్లు మోగుతాయి. ముందు వరుసలో వారి తల్లిగారు అన్నపూర్ణమ్మ గారు పమిటతో కళ్లొత్తుకుంటారు. ఆవిడ పక్కన మనవరాలు, అధ్యక్షులవారి అమ్మాయి పూజిత కూర్చుంటుంది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పిల్ల ఈ ప్రసంగం వింటూనే పెరిగింది. విని, నమ్మింది. ఊరు మొత్తం మీద ఆ ప్రసంగాన్ని నమ్మిన మనిషి ఆ పిల్ల ఒక్కతే.

ఈ ఏడు ఉత్సవ కమిటీవారికి ఒక సరికొత్త ఆలోచన పుట్టింది. సినిమా అయిపోగానే ఆ ఆఖరి నాట్యాన్ని వేదిక మీద చేయించాలని తీర్మానించారు. నాయిక వేషానికి కూచిపూడి నేర్చుకున్న పూజిత ఉంది. నాయకుడి వేషానికి వర్తకుల అబ్బాయిలను పిలిచి చూశారు గానీ ఒక్కరికీ కాలు లేవలేదు. చివరకు చేపల వ్యాపారం చేసే బుల్లియ్య కొడుకు ప్రసన్నకుమార్‌ని ఒప్పించారు. అతను చిన్నప్పుడు ఈ సినిమా చూసే నాట్యం పిచ్చిలో పడ్డాడు. ఇప్పుడు రాజమండ్రిలో డాన్స్ స్కూల్ నడుపుతున్నాడు. "అసలు సిసలు పడవవాళ్ల అబ్బాయే దొరికాడండి, ఇక మేకప్ కూడా అక్కర్లేదు" అని కమిటీ సభ్యులు మురిసిపోయారు. కళకు కులం లేదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

రిహార్సల్సు నెలల తరబడి సాగాయి. "ఏం చేస్తున్నారమ్మా! నిజంగా ప్రేమించుకున్నట్టే ఉంది" అని నాగేశ్వరప్రసాద్ గారే స్వయంగా మెచ్చుకున్నారు. వారికి అంత కళాదృష్టి ఉంది.

ఉత్సవం రోజున సినిమా పూర్తయింది. ఆచారం ప్రకారం అందరి కాళ్లకూ ఒక్కొక్క చెప్పే మిగిలింది. తర్వాత నాట్యం కూడా పూర్తయింది. జనం ఏడ్చి ఏడ్చి అలసిపోయారు. అధ్యక్షులవారు శాలువాలతో వేదిక ఎక్కారు. పూజిత మైకు అందుకుంది.

"నాన్నగారూ, ఏటా మీరు ఒక మాట చెబుతారు కదండీ. ఆ మాట ఇప్పుడు నిలబెట్టుకోండి. ప్రసన్న, నేను పెళ్లి చేసుకుంటాం."

ఈలలు హోరెత్తాయి. డైలాగు అదిరిందన్నారు. ఆ పిల్ల మాత్రం తండ్రి మొహంలోకే చూస్తూ నిలబడింది. నాగేశ్వరప్రసాద్ గారి చేతిలోని శాలువా జారిపోయింది. పాపం, వారు ఏదైనా కొత్త మాటే అందామనుకుని ఉంటారు. కానీ చిన్ననాటి నుంచి వింటున్న మాటే నోటికి వచ్చింది.

"ఈ గడప దాటావో, నాకు కూతురు లేదు!"

వేదికకు గడప లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఊరి చేతులన్నీ వాటంతటవే రెండో చెప్పు మీదికి వెళ్లాయి. బుల్లియ్య చెప్పు అందరికంటే బలంగా తగిలింది. అన్నపూర్ణమ్మ గారి చెప్పు సూటిగా నుదుటిని తాకింది. ఆ వానలోనే పూజిత ఉత్త కాళ్లతో మెట్లు దిగింది. రేవులో పడవ లేదు గానీ ప్రసన్నకుమార్ మోటార్ సైకిల్ ఉంది. ఇద్దరూ వంతెన దాటిపోయారు.

అది నాటకం కాదని తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయింది. నుదుటికి కట్టు కట్టుకుని కూర్చున్న అధ్యక్షులవారి ఇంటికి పట్టణ ప్రముఖులు వరుస కట్టారు.

"క్షమించాలండి ప్రసాద్ గారూ. యాక్టింగ్ అనుకున్నామండి. మీరు నిజంగానే అంటున్నారని తెలిస్తే విసురుతామా అండి? మేమూ ఆడపిల్లలున్నవాళ్లమే కదండీ."

"నేనూ నాటకమే అనుకున్నాన్రా నాయనా" అని అన్నపూర్ణమ్మ గారు బావురుమన్నారు. అక్కడ బుల్లియ్య కూడా "మా వాళ్లలో పిల్లలు కరువయ్యారా?" అని కొడుకును ఇంటి ఛాయలకు రావద్దన్నాడు. పూజితా ప్రసన్నకుమార్లు ఇప్పుడు రాజమండ్రిలో అద్దె ఇంట్లో ఉంటున్నారు. మా ఊరి నుంచి ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు.

కమిటీ అత్యవసరంగా సమావేశమై, ఇకముందు నాట్యాన్ని తెర మీదే చూడాలని తీర్మానించింది. వచ్చే ఏడు కూడా ప్రథమ పాదరక్ష నాగేశ్వరప్రసాద్ గారిదే.

ఇంతవరకు చదివిన మీకు ఆయన మీద ఒళ్లు మండే ఉంటుంది. చెయ్యి కాలి దగ్గరకు వెళ్లే ఉంటుంది. మంచిదే. కానీ మీ అమ్మాయి ఇంట్లో ఉంటే ఒకసారి పిలిచి, నాకేమైనా చెప్పాలనుకుంటున్నావా అమ్మా అని అడగండి. ఆ జవాబు విన్నాక కూడా మీ చెయ్యి అక్కడే ఉంటే, అప్పుడు చెప్పు తీయండి.