ట్యాంకరు గోదారి

ఆ ఉదయం లోకనాథ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. రావులపాలెం దగ్గర వరిచేలు మెరక చేసి వేసిన కొత్త లేఅవుట్‌కు వాననీటి డ్రైను కట్టించింది అతనే. ఎగువన ట్యాంకరుతో నీళ్లు వదలాలి, అవి దిగువన ఊరి మురుగునీళ్లు పోయే కోడులో పడాలి, ఓనరు జగన్నాథరావు కళ్లారా చూడాలి. పడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

నీళ్లు వదలమని లోకనాథ్ డ్రైవరుకు ఫోన్లో చెప్పాక, అతనూ ఓనరూ దిగువన నిలబడ్డారు.

"ఏంటయ్యా, ఇంకా రాలేదు?"

"వచ్చేస్తాయండి. వాలు సరిగ్గానే ఇచ్చానండి."

"నువ్విచ్చిన వాలు నీళ్లకి నచ్చలేదేమో."

లోకనాథ్ ఇంకో ట్యాంకరు పిలిపించాడు. ట్యాంకరు వచ్చింది కానీ నీళ్లు రాలేదు. జగన్నాథరావు మరో ఇంజనీరుకు ఫోను కలపడం చూసి, లోకనాథ్ డ్రైను వెంట ఎగువకు పరుగు తీశాడు.

డ్రైను మలుపు దగ్గర జాతరలా తీర్థం సాగుతోంది. జూన్ వచ్చినా కాలువలకు నీళ్లు వదలక ఎదురుచూస్తున్న ఊరు మొత్తం అక్కడే ఉంది. డ్రైనులో గేదెలు పడుకున్నాయి. ఊళ్లో పెద్దావిడ మరిడమ్మ పసుపు కుంకుమ చల్లి కొబ్బరికాయ కొడుతోంది. పక్కచేను పెద్దిరాజు మట్టిబస్తాలతో అడ్డుకట్ట వేసి, ఆయిలింజనుతో వరినారు పోసిన తన ఆకుమడికి నీళ్లు తోడుకుంటున్నాడు.

"ఏంటండీ పెద్దిరాజుగారూ ఇది!"

"కాలవకి నీళ్లొదిలారు కదండీ. ముందు పైచేను తడవాలి, కిందోళ్లు కాస్త ఆగాలండి."

"కాలవ కాదండీ బాబూ, ట్యాంకరు నీళ్లు!"

"తప్పు నాయనా! గంగమ్మ తల్లిని పట్టుకుని ట్యాంకరంటావేంటి?" అంటూ మరిడమ్మ అతని చేతిలో కొబ్బరిముక్క పెట్టింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, ఉద్యోగం ఊడే వేళ కూడా అది తియ్యగానే ఉంది.

ఇంతలో జగన్నాథరావు కారు వచ్చింది. వెనకే సైట్లు చూడటానికి రాజమండ్రి నుంచి వచ్చిన దంపతులు దిగారు. నీళ్లు చూసి ఆవిడ మొహం విప్పారింది.

"కాలవ గట్టు మీద సైట్లని ముందే చెప్పలేదేంటండీ? ఇక్కడే తీసుకుందామండీ," అంది భర్తతో.

జగన్నాథరావు చెవి దగ్గరి ఫోను మెల్లగా జేబులోకి దిగింది.

"అంతా మా ఇంజనీరుగారి ప్లానింగేనమ్మా," అన్నాడు.

వాళ్లు కొలతలు చూసుకోవడానికి వెళ్లగానే జగన్నాథరావు లోకనాథ్ భుజం తట్టాడు.

"నీ ఉద్యోగం ఖాయమయ్యా. ఆ అడ్డుకట్ట మాత్రం ఎవరూ తియ్యకుండా చూసుకో. చుక్క నీరు కిందికి దిగకూడదు."

అడ్డుకట్ట ఉండగా వాన పడితే నీళ్లు సైట్లలోకే ఎక్కుతాయని తెలిసిన లోకనాథ్‌కు, రుతుపవనాలు ఇంకా కేరళ దాటలేదన్న వార్త ఒక్కటే మిగిలిన ఊరట.