ఒకటో నెంబరు రూటర్

సింధూరి బస్సు దిగేలోపే ఆమె రూటర్‌ని రెండో స్థానానికి దించెయ్యాలని, శనివారం పొద్దున్న పళ్లు తోముకుంటూ తిరుమలరావు నిశ్చయించుకున్నాడు.

గజపతినగరం శివార్లలోని ఆ ధాన్యం గోదాముల కంపెనీలో పన్నెండేళ్లుగా ఇంటర్నెట్టంటే తిరుమలరావే. ఉన్నది ఒక్క రూటర్. అది ఆగితే కాటా దగ్గర చీటీ రాదు, చీటీ లేనిదే లారీ కదలదు. నెల కిందట చేరిన సింధూరి రెండో రూటర్ తెప్పించి, మెయిన్‌ది పడిపోతే ఇది దానంతటదే పని అందుకునేలా అమర్చింది. "ఇన్నాళ్లూ ఈ ఆలోసన ఎవులికీ రాలేదేటి?" అని మేనేజరు భీమశంకరరావు అందరిముందూ ఆమెను మెచ్చుకుని, తిరుమలరావు ఏళ్లతరబడి అడుగుతున్న కిటికీ పక్క సీటు ఆమెకిచ్చేశాడు. "దీనికి బయటి ఇంటర్నెట్ లైను సోమవారం వస్తాది సార్" అని ఆమె చెప్పింది కూడా. తిరుమలరావు ఏదీ వినలేదు, కొత్తదే మెయిన్ అయిపోయిందనుకున్నాడు. మేనేజరు ఎన్నిసార్లు నవ్వాడో లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆఫీసుకొచ్చి సెట్టింగులు తెరిస్తే తన రూటర్‌కి నూటయాభై, ఆమెదానికి వంద కనిపించాయి. ఒక్క రూటరే ఉన్నన్నాళ్లూ ఆ అంకెలతో పని పడలేదు. అతనికి తెలిసిందల్లా బళ్లో ర్యాంకుల లెక్క.

"నన్ను ఎనక్కి తోసీసి నువ్వు ముందు కూకుంటావేటి?" అని గొణిగి, తన అంకెను ఒకటి చేసేశాడు.

నిమిషంలో కాటా దగ్గర చీటీలు ఆగిపోయాయి.

"ఏటైనాది తిరుమల్రావ్?" మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఆ కొత్త రూటరేనండి. నాకు ముందే అనుమానం," అన్నాడు తిరుమలరావు, పైకి విచారంగా, లోపల పాయసం తాగుతూ. రుజువు చేసే తొందరలో ఆమె రూటర్ వైరనుకుని, ఆఫీసులో మిషన్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టె వైరు పీకాడు. ఫోన్లు, కెమెరాలు, హాజరు మిషను అన్నీ పడుకున్నాయి. మళ్లీ తగిలిస్తే అవి లేచాయిగానీ చీటీలు మాత్రం రాలేదు.

బయట లారీల వరస మెయిన్ రోడ్డెక్కింది. "ఒరే, మూటలు నెత్తినెట్టుకుని నడిసెల్లిపోయినా ఈపాటికి అయిపోను!" అని రైతు లక్ష్ముడు గేటు పట్టుకుని అరుస్తున్నాడు. ఆ లారీల వెనకే విజయనగరం బస్సు ఇరుక్కుపోయింది. అందులోంచి దిగి కిలోమీటరు నడిచి, చెమటలు కక్కుతూ వచ్చింది సింధూరి.

కంప్యూటర్ తెర చూసింది. మార్పు చేసిన టైమూ, చేసినవాడి పేరూ అందులోనే ఉన్నాయి.

"పెద్ద అంకె ఉన్నదే మెయిన్ సార్," అందామె అతనికి మాత్రమే వినపడేలా. "మీరు పెద్దోరని మీదే ముందుంచీసేను."

అంకె సరిచేయగానే చీటీలు వచ్చాయి. తిరుమలరావుకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. ఇంతలో ఆమె మేనేజరు వైపు తిరిగి, "మెయిన్ పోతే ఏటవుతాదో తిరుమలరావు సారు పరీక్షించేరండి. నా దానికింకా లైను లేదని నాను మళ్లీ సెప్పాల్సింది. తప్పు నాదే," అంది.

అతని కళ్లు చెమర్చాయి. ఈ పిల్లనా తను ఆడిపోసుకుంది!

"సూసేవా తిరుమల్రావ్?" అన్నాడు భీమశంకరరావు మురిసిపోతూ. "తప్పు ఒప్పుకోడవంటే ఇదీ. సూసి నేర్సుకో."

తిరుమలరావు కళ్లు అప్పటికప్పుడే ఆరిపోయాయి.