ఎడమకు చూసే గుర్రం

ఆ శనివారం పొద్దున ఆర్డిత్ వోర్హీస్‌కు ఉన్న పనులు రెండే. కేకు మాడకుండా దించడం ఒకటి, మనసులో ఉన్నది మొహంలో కనపడకుండా చూసుకోవడం రెండోది. మొదటిది ఆమెకు కొట్టిన పిండి. రెండోది ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే అయినా, ఇవాళ్టి పరీక్ష గట్టిది.

న్యూజెర్సీలో నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో, ఫైర్ స్టేషన్ మేడమీద నాణేల క్లబ్బు నెలకోసారి కూడుతుంది. వాళ్లకొక పాత ఆచారం ఉంది. సభ్యుల్లో ఎవరైనా పోతే, ఆ మనిషి క్లబ్బుకు వదిలిన అమెరికా తొలినాళ్ల నాణేలను బల్లమీద పరుస్తారు. చీటీల్లో వచ్చిన వంతు ప్రకారం తలా ఒకటి ఎంచుకుంటారు. అలా తీసుకున్నదాన్ని అమ్మకూడదు, మార్చుకోకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. తీసుకున్నవాళ్లు పోయాకే అది మళ్లీ బల్లమీదికి రావాలి. ఎవరికి ఏది కావాలో ముందుగా బయటపెట్టుకోవడం మర్యాద కాదు. మర్యాద సంగతి అటుంచి, తెలివి కూడా కాదు.

ఈసారి పోయినవాడు లెస్టర్. గడియారాలు బాగుచేసేవాడు, మెత్తని మనిషి. క్లబ్బులో ఎప్పుడూ ఆర్డిత్ పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. కూర్చోగానే జేబులోంచి ఒక రాగి నాణెం తీసి ఆమె అరచేతిలో పెట్టేవాడు. దానిమీద ఒక నాగలి, పైన గుర్రం తల. ఈ న్యూజెర్సీ నాణేల మీద గుర్రాలు కుడికి చూస్తాయి. ఎక్కడో తప్ప ఎడమకు చూసేది దొరకదు. లెస్టర్‌ది ఎడమ గుర్రం. కాకపోతే బాగా అరిగి, అంచు నలిగి, అదృష్టం తిరగబడ్డ గుర్రంలా ఉండేది.

"ఇంకా అటే చూస్తోంది చూశావా?" అనేవాడు.

"ఎవరికోసమో మరి," అనేది ఆర్డిత్.

ఒక్క నిమిషం. ఆ తర్వాత వెనక్కి తీసుకునేవాడు. వాళ్లిద్దరి మధ్య అంతకు మించి ఏమీ జరగలేదు. ఆమె ఆల్బంలో అన్ని గూళ్లూ నిండాయి, ఎడమ గుర్రం గూడు తప్ప. అది మాత్రం ఆ జేబు వెచ్చదనం కోసం ఎదురుచూస్తున్నట్టు ఖాళీగా ఉండిపోయింది.

అంత నలిగిన నాణేన్ని మిగతావాళ్లెవరూ ముట్టుకోరు. భయమల్లా బెర్నార్డ్ స్కిల్‌మన్‌తోనే. కుళాయిలు బాగుచేసే బెర్నార్డ్‌కు ఆర్డిత్ దేని వంక చూస్తే అదే కావాలి. ఇన్నేళ్లలో ఆమె నోటికాడ నుంచి లాక్కున్నవాటితో ఒక అర నింపాడు. అందుకే ఆర్డిత్ ఒక ఎత్తు వేసింది. గుర్రం వైపు కన్నెత్తి చూడకూడదు. లెస్టర్ వదిలినవాటిలోనే ఉన్న వెర్మాంట్ రాష్ట్రపు నాణెం మీద, అంటే కొండల వెనక సూర్యుడు ఉదయించే బొమ్మ మీద, ప్రాణం పెట్టినట్టు నటించాలి. బెర్నార్డ్ దాన్ని ఎగరేసుకుపోతాడు. గుర్రం తనకు మిగులుతుంది.

మేడమీద అనుకున్నట్టే భూతద్దం పెట్టి సూర్యుణ్ణి చూసింది. గట్టిగా నిట్టూర్చింది. అంతలో ఓరకంట పక్కనున్న గుర్రం కనిపించింది. ఇన్నేళ్లలో మొదటిసారి అది చల్లగా, బల్లమీద పడి ఉంది. ఆమె కన్నీటిచుక్క టప్పున సూర్యుడి మీద పడింది.

క్లబ్బు అధ్యక్షురాలు యూనిస్ అది చూడనే చూసింది.

"అయ్యో పిచ్చితల్లీ!" అంది గుండెలమీద చెయ్యి వేసుకుని.

కేకు కోసేసరికి మేడంతా గుసగుసలే. పోర్క్ రోల్ శాండ్‌విచ్‌లు అయిపోయేసరికి, లెస్టర్ ఆ సూర్యుడి నాణెంతోనే పెళ్లి మాట ఎత్తబోయాడని తేలింది. రెండోసారి కాఫీ పోసుకునేసరికి, పెళ్లయ్యాక ఇద్దరూ వెర్మాంట్ కొండల్లో కాపురం పెట్టాలనుకున్నారని కూడా తేలింది. గోరంత కన్నీరు కొండంత అయింది.

ఎవరూ ఉత్తచేతులతో వెళ్లకూడదని లెస్టర్, సభ్యులు ఎంతమందో అన్ని నాణేలే వదిలాడు. చీటీల్లో ఆర్డిత్‌ది ఆఖరి వంతు. ఆమె ముందు బెర్నార్డ్.

మొదటి వంతు యూనిస్‌ది. దేవదారు చెట్టు బొమ్మ ఉన్న వెండి షిల్లింగ్ తీసుకుంది. తీసుకుంటూ సూర్యుణ్ణి వేలితో ఆర్డిత్ వైపు కాస్త జరిపింది. ఆ వెనక వచ్చినవాళ్లందరూ అదే వరస. ఒక్కొక్కరూ సూర్యుడి ముందు ఆగి, ఆర్డిత్ వంక జాలిగా చూసి, పక్క నాణెం తీసుకున్నారు.

ఆర్డిత్ ఎత్తు అడ్డం తిరుగుతోంది. "అది తీసుకోండర్రా, నాకోసం ఆగొద్దు," అంది.

"చూడండి, ఎంత మంచి మనసో!" అంది యూనిస్ ముక్కు తుడుచుకుంటూ.

చివరికి రెండే మిగిలాయి. సూర్యుడు, గుర్రం. బెర్నార్డ్ లేచాడు. ఆర్డిత్ ఇప్పుడు ఆ మనిషి దుర్మార్గాన్నే నమ్ముకుంది. దేవుణ్ణి కూడా అంతగా ఎప్పుడూ నమ్మలేదు.

"బెర్నార్డ్! ఆ సూర్యుడి మీద చెయ్యి వేశావో, చచ్చేదాకా నీ మొహం చూడను!" అని రెచ్చగొట్టింది.

బెర్నార్డ్ బల్ల దగ్గరికి వచ్చాడు. చెయ్యి సూర్యుడి దాకా వెళ్లింది. ఆగింది. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"ఎన్నిసార్లు లాక్కున్నానో నాకు తెలుసు ఆర్డిత్. ఇవాళ లాక్కోలేను," అని గుర్రాన్ని తీసుకున్నాడు.

చప్పట్లు మోగాయి. యూనిస్ బావురుమంది. ఆర్డిత్ కూడా ఏడ్చింది, అందరికంటే గట్టిగా.

బయట సన్నగా వాన పడుతోంది. బెర్నార్డ్ తన వ్యానుకు ఆనుకుని ఉన్నాడు.

"సంతోషమేనా?" అన్నాడు.

"నీ తలకాయ! నాకు కావలసింది గుర్రం."

బెర్నార్డ్ నిటారుగా నిలబడ్డాడు. "మరి ఆ ఏడుపు?"

"గుర్రం కోసం."

"ఆర్డిత్, నేను పుట్టింది ఆ కొండల వెనకే. ఏడేళ్లప్పుడు ఇటు తీసుకొచ్చేశారు, మళ్లీ వెళ్లింది లేదు. ఆ సూర్యుడి కోసం లెస్టర్‌ని ఎన్నిసార్లు బతిమాలానో! ఇవాళ చేతికందినదాన్ని నీకోసం వదిలేశాను."

"ఒక్కసారి చెడ్డవాడిగా ఉండమంటే ఉండలేకపోయావు."

"మార్చుకుందామా?" అన్నాడు గొంతు తగ్గించి.

ఇద్దరూ తలెత్తి చూశారు. మేడమీద కిటికీలోంచి యూనిస్ రుమాలు ఊపుతోంది. క్లబ్బు పుట్టినప్పటి నుంచి ఆ ఆచారాన్ని ఎవరూ మీరలేదు. వాన పెద్దదయ్యాక ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

మరుసటి నెల బెర్నార్డ్ వచ్చి, ఏమీ అడగకుండా లెస్టర్ కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి గుర్రాన్ని తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. అది వెచ్చగా ఉంది. ఆర్డిత్ కళ్లు మూసుకుంది. తర్వాత తన సంచిలోంచి సూర్యుణ్ణి తీసి అతని చేతిలో పెట్టింది. అతను వేలితో ఆ కొండల్ని మెల్లగా తడిమాడు.

"ఒక్క నిమిషమే," అన్నాడు బెర్నార్డ్.

"నాకు తెలియనిదా," అంది ఆర్డిత్. గుర్రాన్ని వెనక్కి ఇస్తూ అడిగింది. "ఆ దగ్గు తగ్గిందా?"

"ఎక్కడ! రాత్రిళ్లు మరీ ఎక్కువ. నీ మోకాలో?"

"రాయిలా గట్టిగా ఉంది. ఇంకో ఇరవై ఏళ్లు నాకు ఢోకా లేదు."

"ఓహో," అన్నాడు బెర్నార్డ్ దిగులుగా.

ఒకరి ఆరోగ్యం గురించి ఒకరు ఇంత శ్రద్ధగా కనుక్కునే జంట క్లబ్బులో మరొకటి లేదని యూనిస్ ఇప్పుడు అందరికీ చెబుతోంది.