శబ్దం వచ్చింది, బొమ్మ ఉండాది

పెరియంపట్టి మేలవీధిలో వెంకటప్ప ఇంటి టీవీ రికార్డరుకు పట్టిన మూగతనాన్ని యుద్ధప్రాతిపదికన వదిలిస్తామని పంచాయతీ ప్రెసిడెంటు కన్నప్పన్ గారు ధర్మపురిలో ప్రకటించినారు. మేలవీధి గొంతే తన గొంతని, అది టీవీలో వినబడేదాకా తనకు ముద్ద దిగదని కూడా సెలవిచ్చినారు. అందరూ చప్పట్లు కొట్టినారు. అప్పుడు ఆయన భోంచేస్తా ఉన్నారు.

నిజానికి వెంకటప్ప ఆయన దగ్గరికి పోయింది టీవీ కోసం కాదు, నీళ్ళ కోసం. మేలవీధిలో ఇంటింటి ముందరా పంచాయతీవాళ్ళు ఒక కొళాయి నాటి, దాని దిమ్మె మీద ప్రెసిడెంటు బొమ్మ అంటించి పోయినారు. బొమ్మ వానకు తడిసింది గాని కొళాయి ఇంతవరకూ తడవలేదు. పురట్టాసి నెల ఆఖరి శనివారం దగ్గర పడింది. ఆ రోజు పెరుమాళ్ళకు తళిగ వెయ్యాలి. పొంగలి, పులిహోర వండి ఆకులో స్వామి ముందర పరచాలి. రాత్రి నిలవ ఉన్న నీళ్ళు ఆ వంటకు పనికిరావు. పొద్దున్నే ఇంటివాళ్ళు మడితో పట్టిన నీళ్ళే కావాలి. తాతల కాలం నుంచి తప్పని కట్టుబాటు అది. లారీ నీళ్ళు ఎప్పుడొస్తాయో లారీకే తెలియదు.

"నీళ్ళు తెస్తానని నేనెప్పుడు చెప్పినాను మామా?" అని ప్రెసిడెంటు ఆశ్చర్యపోయినారు. ఎలక్షన్లప్పుడు కలిపిన వరసను గెలిచినాక కూడా మరవని మనిషి.

"టీవీలో చెప్పినావు కదప్పా, కర్పూరం మీద చెయ్యి పెట్టి. మా ఇంటి పెట్టెలో అట్లే ఉండాది."

అది నిజం. ఎలక్షన్ల ముందు లోకల్ కేబుల్లో పెరుమాళ్ళ ఊరేగింపు వేస్తారంటే వెంకటప్ప రికార్డుకు పెట్టుకున్నాడు. ఊరేగింపుకు ముందు కన్నప్పన్ గారి ప్రసంగం వచ్చింది. అదీ అందులో పడింది. స్వామిని చెరపలేక, స్వామికి ముందు నడిచిన అభ్యర్థిని కూడా వెంకటప్ప చెరపలేదు.

అయితే ఇంటికొచ్చి వీధివాళ్ళ ముందర పెట్టి చూస్తే, తెరమీద కన్నప్పన్ గారు వెలిగే కర్పూరం మీద చెయ్యి పెట్టి పెదవులు ఆడిస్తా ఉన్నారు. మాట లేదు. ఆయుధ పూజ అయినప్పటినుంచీ ఆ పెట్టె మౌనవ్రతంలో ఉంది. ఈ సంగతి విని ప్రెసిడెంటు ఎంత చలించిపోయినారంటే, నీళ్ళ మాట పక్కనపెట్టి ముందు టీవీ బాగుచెయ్యాలన్నారు. అదే ఆ ప్రకటన.

చెప్పినట్టే వచ్చినారు. ముందర మేళం, వెనక ఫ్లెక్సీ: 'మూగపెట్టెకు మాటనిచ్చే మహానేత!' రిబ్బను కట్టడానికి వాకిలి చాలక టీవీకే కట్టి కత్తిరించినారు. పార్టీ ఐటీ విభాగం కార్యదర్శి శక్తివేల్ ముందుకొచ్చినాడు.

"ట్రబుల్ షూటింగ్‌లో మొదటి పని, ఆఫ్ చేసి ఆన్ చెయ్యడం."

ఆఫ్ చేసినాడు. చప్పట్లు. ఆన్ చేసినాడు. మళ్ళీ చప్పట్లు. అది తప్ప వేరే శబ్దం రాలేదు.

"ఇదో, నీళ్ళు తెస్తాననేది ఇక్కడే," అని వెంకటప్ప తెరమీద ఆడే పెదవులు చూపించినాడు.

"మాట వినబడల్యా కదా మామా. కర్పూరం ముందర మంత్రం చెప్పుకుంటా ఉన్నానేమో. భక్తుడివి, నీకు తెలీదా?"

వెంకటప్పకు భయమేసింది. నిజంగా మంత్రమే అయితే, అనుమానించిన పాపం ఎవరికి?

శక్తివేల్ పెట్టె వెనక చెయ్యి పెట్టి శబ్దం తెచ్చే తెల్ల వైరును గట్టిగా నొక్కినాడు. పక్కనున్న బొమ్మ తెచ్చే పసుపు వైరు ఊడింది. తెర నల్లబడి, చీకట్లోంచి మాట వచ్చింది: "మేలవీధి తల్లులారా! వచ్చే పురట్టాసికి ఇంటింటికీ కావేరి నీళ్ళు! రాకపోతే కుర్చీ దిగిపోతాను! ఈ కర్పూరం సాక్షి!"

"ఎవరి గొంతప్పా అది?" అన్నారు ప్రెసిడెంటు. "కంప్యూటర్లో ఇప్పుడు ఎవరి గొంతైనా చేస్తారు. మొగం లేని మాటను నమ్మకూడదు."

"ఇందాక మొగం వచ్చింది కదా?"

"మాట లేని మొగాన్ని కూడా నమ్మకూడదు మామా." ఆయనకు పక్షపాతం లేదు.

వెంకటప్ప భార్య పంచవర్ణం వంటింటి గడపలోంచి అడిగింది. "రెండూ ఒకటిగా వస్తే?"

ప్రెసిడెంటు కండువా సర్దుకున్నారు. "వస్తే అది సత్యం. సత్యానికి తల వంచుతాను."

శక్తివేల్ ఫోను లైటు వేసి పెట్టె వెనక చూసినాడు. "ఏం పెద్దాయనా, వైరు పెట్టే బొక్కల్లో గంధం ఎండిపోయి ఉండాదే?"

"ఆయుధ పూజకు బొట్లు పెట్టినాను. బండికీ కత్తిపీటకీ పెట్టి దీనికి పెట్టకపోతే ఎట్లా? ముందర బటన్లు ఉండాయని అక్కడ పెట్టలేదు. స్వామిని చూపించే పెట్టె కదా అని, వెనక సందు లేకుండా పెట్టినాను."

"కరెంటు తీసి తుడవల్ల. చుక్క నీళ్ళు ఇయ్యండి."

కుండలో నీళ్ళు లేవు. అందరూ వాకిట్లో కొళాయి వైపు చూసినారు. ప్రెసిడెంటు ఒక్కరే చూడలేదు. తన కారులోంచి నీళ్ళ బాటిల్ తెప్పించి, మూతలో కొంచెం పోసి ఇచ్చినారు. గెలిచినాక ఆయన మేలవీధికి ఇచ్చిన నీళ్ళు అవే. ఫోటోగ్రాఫరు ఆ మూతను రెండు పక్కలనుంచీ తీసినాడు.

తుడిచి, ఆరబెట్టి, మూడు వైర్లూ బిగించినారు. బొమ్మ వచ్చింది. శబ్దమూ వచ్చింది. కన్నప్పన్ గారు కర్పూరం మీద చెయ్యి పెట్టి, కావేరి నీళ్ళు తెస్తానని, తేకపోతే దిగిపోతానని, మొగమూ మాటా ఒకటిగా ప్రమాణం చేసినారు. వెంకటప్ప గోవిందా అనుకున్నాడు.

ప్రెసిడెంటు చేతులు జోడించి చివరిదాకా విన్నారు. కళ్ళు తుడుచుకున్నారు.

"ఎంత బాగా చెప్పినాడు! ఇట్లాంటి నాయకుడే మనకు కావల్ల."

జేజేలు మోగినాయి. తల వంచుతానన్నారు, వంచినారు. ఆ వంచిన తలకు శక్తివేల్ మాల వేసినాడు.

"మరి నీళ్ళు..." అన్నాడు వెంకటప్ప.

"శక్తీ, ఈ ఇంట్లో సమస్య ఏంది?"

"శబ్దం, బొమ్మ ఒకటిగా రాల్యా, అన్నా."

"ఇప్పుడు?"

"రెండూ వచ్చినాయి."

"ఇంకేం మామా!" అని వెంకటప్ప భుజం తట్టి కారెక్కినారు. మరుసటి రోజు పేపర్లో 'మేలవీధి సమస్యకు శాశ్వత పరిష్కారం' అని పడింది. పైన మూత ఫోటో.

శనివారం తెల్లవారింది. పంచవర్ణం మడి కట్టుకొని, ఇత్తడి బిందె తోమి కొళాయి కింద పెట్టింది. వెంకటప్ప నామం దిద్దుకొని గడపలో చేతులు జోడించి నిలుచున్నాడు. ప్రమాణం చేసింది కర్పూరం మీద కదా, పెరుమాళ్ళు విని ఉండడా అని ఒక మూల ఆశ. ఆమె కొళాయి తిప్పింది.

లోపలెక్కడో బుస్సుమంది.

"ఏమి వచ్చింది?" అని ఆత్రంగా అడిగినాడు.

"శబ్దం వచ్చింది," అనింది పంచవర్ణం, దిమ్మె మీదికి చూస్తా. "బొమ్మ ఎట్లానూ ఉండాది."