జోసెఫ్ సారు పొట్లం

ఆదివారం పొద్దున్నే వసారాలో కూర్చుని, గోడకు అవతలివాళ్లకు వాసన తగిలేలా కాఫీ తాగాలన్నది మాల్యాద్రి పథకం.

అవతల ఉండేది జోసెఫ్ సారు, ఉదయగిరిలో లెక్కల మేష్టరు. ఆత్మకూరులో కామయ్య వేయించి పట్టే పొడి తప్ప ముట్టడు. చిక్కమగళూరు వైపు ఒకే తోటలో కాసిన గింజలు. చిటికెడు చికోరీ కూడా కలపని పొడి. రోజూ ఆరింటికి ఆ ఘుమఘుమ గోడ దాటి వచ్చేది. మాల్యాద్రి భార్య మాలకొండమ్మ అంట్లు తోమడం ఆపి కళ్లు మూసుకునేది.

"ఏం వాసనయ్యా! రుచి తెలిసిన మనిషి సారు."

పదకొండేళ్ల కాపురంలో ఆమె తనను తలచుకుని అలా కళ్లు మూసుకున్న రోజు మాల్యాద్రికి గుర్తులేదు.

అందుకే శనివారం ఆఫీసు పనిమీద ఆత్మకూరు వెళ్లినప్పుడు కామయ్య అంగడి ముందు నిలబడ్డాడు.

"ఆ తోట గింజలు అయిపోయినాయి. ఒక్క పొట్లమే ఉండాది. అది జోసెఫ్ సారుకి ఎత్తిపెట్టినా," అన్నాడు కామయ్య.

"ఆయన పంపిస్తేనే వచ్చినా."

"ఎప్పుడూ ఆయనే వస్తాడే?"

"ఒంట్లో బాగలేదు."

అంతటితో ఆగితే సరిపోయేది. కానీ సారును మంచాన పడేసే అవకాశం మళ్లీ దొరుకుతుందా? "కామెర్లు. లేవలేకుండా ఉండాడు," అన్నాడు మాల్యాద్రి. కామయ్య కళ్లొత్తుకుని పొట్లం ఇచ్చాడు.

ఆదివారం డికాక్షన్ దిగుతుండగా వీధిలో అలికిడైంది. కామయ్య బత్తాయిల సంచితో మొదటి బస్సు దిగి, సారుకి ఎలా ఉందని బస్టాండులో అడిగాడు. ఎవరికీ తెలియదు కాబట్టి పదిమందీ వెంట బయల్దేరారు. టీ అంగడి దగ్గరికి వచ్చేసరికి కామెర్లు ముదిరాయి. వీధి మలుపులో సారుకి స్పృహ తప్పింది. చర్చికి బయల్దేరిన పాస్టరుగారు బైబిలుతో సహా ఇటు తిరిగారు. గుంపును చూసి సారు భార్య కృపారాణి, ఎవరు పోయారో తెలియకుండానే ఏడుపు అందుకుంది.

సగం గడ్డం గీసుకున్న జోసెఫ్ సారు బయటికొచ్చాడు. "ఏంది కామయ్యా, ఈ జనమంతా?"

"లేచినారా సారూ! నిన్న మీరు పంపిన మనిషి..." కామయ్య మాట ఆగింది. ముక్కుపుటాలు ఎగరేశాడు. "ఇది నేను వేయించిన గింజే!"

తలలన్నీ గోడవైపు తిరిగాయి. వసారాలో మాల్యాద్రి ఖాళీ గ్లాసుతో కూర్చున్నాడు.

"ఈ మనిషే!" అన్నాడు కామయ్య.

మాలకొండమ్మ మొగుడి మొహం ఒక్కసారి చూసింది. సంగతి అర్థమైంది. "మీకందరికీ తాపిద్దామనే తెచ్చినాడు సారూ. రండి లోపలికి," అంది.

దారిలో చేరినవాళ్లతో కలిపి పద్దెనిమిది మంది వచ్చారు. సారు ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"మా ఇంట్లో ఎప్పుడూ ఇట్టా కుదర్లేదమ్మా!"

కృపారాణి ఏడుపు ఠక్కున ఆగింది. ఆమె మొగుడిని చూసిన చూపు మాల్యాద్రికి బాగా తెలిసిన చూపే.

"కామయ్యా, ఇకమీదట నా పొట్లం ఇక్కడికే పంపీ. పొద్దున్నే వచ్చి ఇక్కడే తాగుతా," అన్నాడు సారు.

"అంతకన్నానా!" అని మాలకొండమ్మ మురిసిపోయింది.

మర్నాడు ఆరింటికి తలుపు చప్పుడైంది. మాలకొండమ్మ పాలు కాస్తోంది కాబట్టి, మాల్యాద్రే వెళ్లి సారుకి తలుపు తీశాడు.