జీడితోటలో ఓడ

జూన్ ఆరో తేదీ, సోమవారం ఉదయం ఆరున్నరకు నౌకా శిక్షణ అకాడమీ ఆవరణలోని సిమెంటు ఓడ సముద్రంలోకి బయలుదేరింది. ఓడ ఉన్నచోటు నుంచి కదలలేదు. అది శ్రీకాకుళం జిల్లాలో, తీరానికి ఇరవై ఆరు కిలోమీటర్ల దూరంలో, ఒక జీడితోట మధ్య ఓడ ఆకారంలో కట్టిన రెండంతస్తుల శిక్షణ భవనం.

ఓడ ఉద్యోగానికి పరీక్ష రాయాలంటే పద్దెనిమిది నెలలు సముద్రం మీద పనిచేసి ఉండాలి. చదువు ముగించిన పన్నెండు మంది కేడెట్లను ఏ కంపెనీ కూడా ఓడ ఎక్కించుకోలేదు. అందుకని సిమెంటు ఓడ సముద్రంలో ఉన్నట్టు లెక్కించడానికి అకాడమీ పైఅధికారుల అనుమతి తెచ్చుకుంది. ఆ ఉదయం నుంచి, ఓడ సిబ్బంది జాబితాలో పేరున్నవారికి చుట్టూ ఉన్న నేల సముద్రమైంది. మిగతావారికి అది నేలే. మేకలు రోజూ వచ్చి మేసేవి. పైన కుర్రాళ్లు వాంతులు చేసుకునేవారు.

ఆగస్టులో భాస్కర్ పాత్రో అనే కేడెట్ చెప్పు కింద పడింది. తీసుకోవడానికి నిచ్చెన దిగాడు. మూడో అడుగు వేసేసరికి మునిగిపోయాడు. ఊపిరితిత్తుల్లో ఉప్పునీరు ఉందని పోస్టుమార్టంలో తేలింది. మిగతా పదకొండు మందికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. ఆ ఏడాది అకాడమీలో కొత్తగా ఎవరూ చేరలేదు.

పక్క ఊరి గున్నమ్మ కొడుకు దిల్లేశు ఆ పదకొండు మందిలో ఒకడు. తర్వాతి ఏడాది డిసెంబరుకు అతని పద్దెనిమిది నెలలు పూర్తయ్యాయి. అప్పటికి ఓడలో కూరగాయలు అయిపోయి, అతని చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. గున్నమ్మ రోజూ మధ్యాహ్నం కేరేజీలో అన్నంతో పాటు చిగుళ్లకు మంచిదని నిమ్మకాయలు పెట్టి తెచ్చేది. ఆమె కొనిచ్చిన నైలాను తాడును దిల్లేశు పైనుంచి వదిలేవాడు. కేరేజీ కట్టాక లాక్కునేవాడు.

గున్నమ్మ ప్రిన్సిపాల్‌ని కలిసింది. ఆయన రిటైరైన కెప్టెన్.

"మావోడి నెలలు అయిపోనాయి కద బాబూ. దింపీండి."

"నడిసముద్రంలో ఎలా దింపమంటారమ్మా? బదులు మనిషి ఎక్కాలి. ఓడల్లో ఎక్కడైనా అదే పద్ధతి."

"సముద్రమేటి బాబూ? నాను సెప్పులేసుకుని నడిచొచ్చినాను."

"మీరు సిబ్బంది కాదు కదా."

కొత్తగా చేరేవాళ్లు లేరని ఆయన చెప్పాడు. బదులు మనిషిని ఎవరు తెస్తే వాళ్ల పిల్లాణ్నే దింపుతామని కూడా చెప్పాడు.

గున్నమ్మ వీధిలోనే ఉండే నీలవేణి కొడుకు కూర్మారావు ఇంటర్ పాసై రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. ఆదివారం గున్నమ్మ వాళ్లింటికి వెళ్లింది.

"బట్టలు ఆళ్లే ఇస్తారు. తిండి ఆళ్లే ఎడతారు," అంది.

"తిండి ఎడితే నువ్వు రోజూ కేరేజీ మోస్తావేటి వదినా?"

"తల్లి మనసు ఊరుకోదు కదేటి."

"మరి ఆ మునిగిపోయినోడో?"

"ఆడు సెప్పు కోసం దిగినాడు. మీవోడికి బూట్లు కొనియ్యి."

"దిల్లేశు దిగిపోతాడా?" అని నీలవేణి అడిగింది.

"దిగిపోతాడు."

"అయితే మావోడూ దిగుతాడు," అంది నీలవేణి.

గురువారం ఉదయం పది గంటలకు కూర్మారావు కొత్త బూట్లు వేసుకుని అకాడమీ జీపులో ఓడ దగ్గరికి వెళ్లాడు. సముద్రంలో తిరగడానికి ఆ జీపును కాగితాల్లో పడవగా రాయించారు. అతను నిచ్చెన ఎక్కాక, దిల్లేశు లైఫ్ జాకెట్‌తో దిగి జీపులో కూర్చున్నాడు. గేటును రేవుగా గుర్తించారు. గేటు దగ్గర జీపు ఆగినా అతను కాలు కింద పెట్టలేదు.

"దిగొచ్చా?" అని డ్రైవర్‌ని అడిగాడు.

"దిగు బాబూ. ఇది నేలే."

గున్నమ్మ చెయ్యి పట్టుకుంటే దిగాడు. లైఫ్ జాకెట్ విప్పి డ్రైవర్‌కి ఇచ్చేశాడు. తాడు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం నీలవేణి కేరేజీ పట్టుకుని ఓడ కిందికి వచ్చింది. కూర్మారావు పైనుంచి చేతులు చాపాడు. అందలేదు. ఆమె వెనక్కి వచ్చి గున్నమ్మ తలుపు కొట్టింది. గున్నమ్మ తాడు తెచ్చి ఇచ్చింది. తిరిగి ఇవ్వనక్కర్లేదని చెప్పింది. లోపలికి వెళ్లి రెండు నిమ్మకాయలు కూడా తెచ్చి కేరేజీ మీద పెట్టింది.